స్కాలర్‌షిప్ కాయితాన్ని ముందు బీరువాలో పెట్టండి

ఏటా ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ముగిసేదాకా ఖమ్మంలోని మా ఇంటి వరండాలో నాలుగు కుర్చీలు అదనంగా వేసి ఉంచుతాం. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పాత విద్యార్థులు ఇప్పుడు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తున్నారు. చేతిలో ర్యాంకు కార్డు ఉంటుంది, దాంతోపాటు రంగుల కవరులో ఇంకో కాయితం కూడా. "సార్, ఫలానా యూనివర్సిటీవాళ్లు యాభై శాతం మెరిట్ స్కాలర్‌షిప్ ఇచ్చారు. ఇంక కౌన్సెలింగ్ దాకా ఆగడం ఎందుకు, అందులోనే చేర్చేద్దామా?"

నా జవాబు చాలామందికి నచ్చదు. ఆ కాయితాన్ని ఇంటికి తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేయమంటాను. కౌన్సెలింగ్‌లో సీటు తేలేదాకా దాన్ని బయటికి తీయొద్దంటాను. ఇంకా ఇలాంటివే చెబుతాను. రాని సీటుని అన్నిటికన్నా పైన రాయమంటాను. పిల్లవాడికి సగటు మార్కులే వస్తాయనుకుని లెక్క వేయమంటాను. కొన్ని స్కాలర్‌షిప్‌ల కన్నా బ్యాంకు అప్పు మేలంటాను. ఇవన్నీ తలకిందుల సలహాలని కొందరు మొహమ్మీదే అన్నారు. నేను మాత్రం మనస్ఫూర్తిగా నమ్మే చెబుతున్నాను. ఎందుకు నమ్ముతున్నానో అర్థం కావాలంటే మా చెల్లెలి కొడుకు సంగతి చెప్పాలి.

చెల్లెలి భర్త మిర్చి యార్డులో కమీషన్ దుకాణంలో గుమస్తా. మేనల్లుడికి ఎంసెట్‌లో పద్నాలుగు వేల ర్యాంకు వచ్చింది. హైదరాబాద్ శివారులో ఒక మంచి కాలేజీలో కన్వీనర్ కోటాలో ఈసీఈ వచ్చే ర్యాంకు అది. అయితే ఎంసెట్ జరగకముందే, ఫిబ్రవరిలోనే, ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం తన సొంత పరీక్ష పెట్టి, సీఎస్ఈ సీటూ ట్యూషన్ ఫీజులో సగం మాఫీ అంటూ ఉత్తరం పంపింది. చెల్లెలు నన్నడిగింది. "సగం తగ్గుతోందిగా, చేర్చండి" అన్నాను. ఆ ఉత్తరం రెండో పేజీ నేను చదవలేదు.

రెండో పేజీలో రెండు షరతులున్నాయి. సీజీపీఏ 8.5కి తగ్గకూడదు, ఏ సబ్జెక్టూ తప్పకూడదు. వాడు మొదటి సెమిస్టరులో ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ తప్పాడు. తరవాతి సారి రాసి గట్టెక్కాడు. ఇంజనీరింగ్‌లో అది చాలామందికి జరిగేదే. స్కాలర్‌షిప్ మాత్రం పోయింది. రెండో ఏడు నుంచి పూర్తి ఫీజు కట్టమన్నారు. వెళ్లి అడిగితే ఉత్తరంలో రాశాం కదా అన్నారు. రాసిన మాట నిజమే. చెల్లెలి గాజులు బ్యాంకులో కుదువకి వెళ్లాయి. అంతకన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటి. వాడు ఆ ఏడు దసరాకి ఇంటికి రాలేదు, సంక్రాంతికీ రాలేదు. ఫోన్ చేస్తే ల్యాబ్ ఉంది మామయ్యా అనేవాడు. పద్దెనిమిదేళ్ల పిల్లవాణ్ని ఇంటి అప్పుకి జామీను పెట్టింది నేనే అనిపించింది. అప్పట్నుంచీ ఎవరు ఏ ఉత్తరం తెచ్చినా రెండో పేజీ నుంచే చదవడం మొదలుపెట్టాను.

నాలుగో ఏడు నుంచి వెనక్కి లెక్కపెట్టండి

అందరూ చేరే రోజు కట్టాల్సిన డబ్బు చూస్తారు. మీరు నాలుగో ఏడు ఫీజు దగ్గర మొదలుపెట్టండి. ఒక తెల్లకాయితం తీసుకోండి. ఉదాహరణకి ట్యూషన్ ఫీజు 3 లక్షలు, ఏటా 15,000 పెరుగుతుందనుకుందాం. నాలుగేళ్లకి మొత్తం 12.90 లక్షలు. యాభై శాతం మాఫీ నాలుగేళ్లూ నిలిస్తే మీరు కట్టేది 6.45 లక్షలు. ఉత్తరంలో శాతం కాకుండా "ఏడాదికి 1.50 లక్షలు" అని రాసి ఉంటే 6.90 లక్షలు, ఎందుకంటే ఫీజు పెరుగుతుంది, మాఫీ పెరగదు. మొదటి ఏడాది తరవాత మాఫీ పోతే 11.40 లక్షలు. మూడింటిలోనూ చేరే రోజు రసీదు ఒకటే, లక్షా యాభై వేలు. అందుకే ఆ రసీదు చూసి నిర్ణయం తీసుకోవద్దంటున్నాను.

దాని పక్కన ఇంకో వరస రాయండి. కన్వీనర్ కోటాలో ఏడాదికి 1.20 లక్షల ఫీజున్న కాలేజీ అనుకోండి. నాలుగేళ్లకి 4.80 లక్షలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ 35,000 చొప్పున వస్తే 3.40 లక్షలు. ఏ స్కాలర్‌షిప్పూ లేని సీటు, సగం మాఫీ ఇచ్చిన సీటుకన్నా చవకగా తేలింది. ఇలా తేలిన ఇళ్లు నేను చాలా చూశాను. ఒక ఫీజుని ఎక్కువగా చూపి అందులో సగం తగ్గించడం వేరు, మొదటే తక్కువ ఫీజు ఉండడం వేరు. కన్వీనర్ సీట్ల ఫీజుని ప్రభుత్వ కమిటీ మూడేళ్లకోసారి ఖరారు చేస్తుంది. ప్రైవేటు విశ్వవిద్యాలయం ఫీజుని అది తానే పెట్టుకుంటుంది.

మాఫీ ట్యూషన్ ఫీజుకే వర్తిస్తుందని కూడా గుర్తుంచుకోండి. హాస్టల్, మెస్, బస్సు, పరీక్ష ఫీజు, డిపాజిట్టు మామూలుగా అందులోకి రావు. ఇంటి నుంచి వెళ్లి వచ్చే కాలేజీతో పోల్చేటప్పుడు హాస్టలు ఖర్చే మాఫీని మింగేస్తుంది.

తరవాత ఆ విశ్వవిద్యాలయానికి ఒక మెయిల్ రాయండి. ఫోన్ చాలదు. ఫోన్లో మాట్లాడే కుర్రాడు ఎంత మర్యాదస్తుడైనా వచ్చే జూన్‌కి ఆ సీట్లో ఉంటాడో లేదో తెలియదు. సీజీపీఏ సెమిస్టరుకోసారి చూస్తారా, ఏడాదికోసారా? ఒకసారి పోయిన స్కాలర్‌షిప్, మార్కులు మళ్లీ పెరిగితే తిరిగి వస్తుందా? తప్పిన సబ్జెక్టు సప్లిమెంటరీలో గట్టెక్కితే లెక్కలోకి తీసుకుంటారా? బ్రాంచి మారితే ఏమవుతుంది? చివరగా అసలు ప్రశ్న అడగండి. రెండేళ్ల కిందట ఇదే స్కాలర్‌షిప్‌తో చేరినవాళ్లు ఎందరు, వాళ్లలో ఇవాళ్టికీ పొందుతున్నవాళ్లు ఎందరు? సమాధానం రాకపోతే ఆ రాకపోవడాన్నే రాసిపెట్టుకోండి.

ఇంకో చోటు కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ ర్యాంకింగ్ అయిన ఎన్ఐఆర్ఎఫ్‌కి దరఖాస్తు చేసే ప్రతి సంస్థా తన వివరాల పత్రం సమర్పించాలి. ఆ పత్రం వెబ్‌సైట్లో అందరికీ కనిపిస్తుంది. ప్రకటనల్లో ర్యాంకు ఒక్కటే ఉంటుంది గానీ ఈ పత్రంలో పూర్తి ట్యూషన్ ఫీజు ప్రభుత్వం నుంచి పొందుతున్నవాళ్లు ఎందరు, సంస్థ సొంత నిధుల నుంచి పొందుతున్నవాళ్లు ఎందరు, పూర్తి ఫీజు ఎక్కడ్నుంచీ పొందనివాళ్లు ఎందరు అని విడివిడిగా అంకెలుంటాయి. సగం మాఫీలు అందులో కనపడవు. అయినా "మేం వేలమందికి వంద శాతం ఇస్తున్నాం" అన్నవాళ్ల మాటని ఆ ఒక్క గడితో సరిచూసుకోవచ్చు. అదే పత్రంలో ఎందరు చేరారు, గడువులోపు ఎందరు డిగ్రీ పూర్తిచేశారు, ఉద్యోగాలొచ్చినవాళ్ల మధ్యస్థ జీతం ఎంత అన్నవీ ఉంటాయి. ఫ్లెక్సీ మీద వేసే అత్యధిక జీతం ఒక్క పిల్లవాడిది. మధ్యస్థ జీతం అంటే జీతాలన్నీ వరసగా పేర్చితే సరిగ్గా మధ్యలో నిలిచేది. మీ పిల్లవాడికి రాగల జీతాన్ని ఊహించుకోవాలంటే అదే చూడాలి.

మీ పిల్లవాడు సగటు విద్యార్థి అనుకోండి

ఈ మాట అన్నందుకు ఒక తల్లి నా వరండాలోంచి లేచి వెళ్లిపోయింది. వెయ్యికి 981 తెచ్చిన పిల్లవాణ్ని సగటు అంటారా అని. ఆమె కోపం నాకు అర్థమైంది. కానీ స్కాలర్‌షిప్ లెక్కలో ఇంతకన్నా అవసరమైన సలహా నా దగ్గర లేదు.

ఇంటర్‌లో 981 వచ్చినప్పుడు వాడి చుట్టూ రాష్ట్రంలోని పిల్లలందరూ ఉన్నారు. ఆ స్కాలర్‌షిప్‌తో చేరిన తరగతిలో వాడి చుట్టూ ఉండేది 970, 985 తెచ్చినవాళ్లే. పైగా కొన్ని విశ్వవిద్యాలయాల్లో గ్రేడు సాపేక్షంగా ఇస్తారు. వందకి ఎన్ని వచ్చాయన్నది చాలదు, తరగతి సగటుకి ఎంత పైన ఉన్నాడో చూస్తారు. తరగతి సగటు 80 ఉంటే 82 తెచ్చినవాడికి మధ్య గ్రేడే వస్తుంది. అలాంటి చోట ఒకే సెక్షన్లో అరవైమంది మెరిట్ విద్యార్థుల్ని కూర్చోబెట్టి, అందరికీ 8.5 గీత పెడితే అందరూ గీత పైన ఉండడం జరగని పని. ఇది పిల్లల సోమరితనం గురించి కాదు, సగటు అనే మాటకి అర్థమే అది. మీరు చేరబోయే చోట గ్రేడింగ్ ఏ పద్ధతిలో ఉందో ముందే కనుక్కోండి. రెండో ఏడు చదివే పిల్లవాణ్ని అడిగితే రెండు నిమిషాల్లో చెబుతాడు.

అదీగాక కొందరు పిల్లలకి మొదటి ఏడాదే ఇల్లు వదిలి వెళ్లే ఏడు. మిగతావాళ్లలో చాలామంది రెండేళ్లు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో రోజంతా పర్యవేక్షణలో చదివినవాళ్లు. ఒక్కసారిగా చేతికి సమయం వస్తుంది. ఇంగ్లీషులో పాఠం, సి ప్రోగ్రామింగ్, గ్రాఫిక్స్ బల్ల, మెస్ తిండి అన్నీ కొత్త. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి మొదటి సెమిస్టరు భాషతోనే సరిపోతుంది. ఆ నాలుగు నెలల మార్కుల మీద మూడేళ్ల ఫీజు వేలాడదీయడం పిల్లల పట్ల దయలేని పని అని నా నమ్మకం. సీజీపీఏ 7 వచ్చినా మీ ఇల్లు మోయగలిగే ఫీజు ఉన్న కాలేజీనే ఎంచుకోండి. 9 వస్తే అందరూ సంతోషిస్తారు. 7 వచ్చినా దసరాకి ఇంటికి రాగలగాలి.

రాని సీటునే మొదటి ఆప్షన్‌గా పెట్టండి

"మన ర్యాంకుకి రానిదాన్ని పెట్టి మొదటి ఆప్షన్ వృథా చేసుకోవడం ఎందుకు" అంటారు. వెబ్ ఆప్షన్లలో వృథా అనేది లేదు. కంప్యూటరు ర్యాంకుల వరసలో ఒక్కొక్కర్నీ తీసుకుంటుంది. మీ వంతు వచ్చేసరికి మీ జాబితాని పైనుంచి కిందికి చూస్తుంది. మీ కేటగిరీకి ఏది ముందు ఖాళీగా కనిపిస్తే అది ఇస్తుంది. మొదటి పది రాకపోతే పదకొండోది చూస్తుంది. పదకొండోదాన్ని మొదటే రాసినవాడికి మీకన్నా ఎక్కువ హక్కేమీ రాదు. వాడి ర్యాంకు మీకన్నా ముందైతే తప్ప వాడు మీ సీటు తీసుకోలేడు. అందుకే జాబితా వరస మీ ఇష్టం చెప్పాలి, భయం చెప్పకూడదు. కిందటేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచికి చివరి ర్యాంకు ఎంతో కౌన్సెలింగ్ వెబ్‌సైట్లోనే దొరుకుతుంది. దాన్ని జాబితా చివర ఎక్కడిదాకా పొడిగించాలో తెలుసుకోవడానికి వాడండి, పైభాగం కత్తిరించడానికి కాదు.

స్కాలర్‌షిప్ ఉత్తరం ఇక్కడ చేసే హాని ఏమిటంటే, అది జాబితానే కుదించేస్తుంది. చేతిలో ఒకటుంది కదా అని పదిహేను ఆప్షన్లు పెట్టి ఊరుకుంటారు. అరవై డెబ్భై పెట్టండి. ఒక మధ్యాహ్నం పని. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. తరవాతి విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టేటప్పుడు చేతిలో ఉన్న సీటుకన్నా నిజంగా మెరుగైనవే రాయండి. కొత్త సీటు వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది, తిరిగి అడగడానికి ఉండదు.

పిల్లవాడి వెంట నడిచే డబ్బుని వెతకండి

కాలేజీ ఇచ్చే స్కాలర్‌షిప్ కాలేజీ గేటు దగ్గర ఆగిపోతుంది. ఇల్లు, ఆదాయం, ర్యాంకు చూసి బయటివాళ్లు ఇచ్చేది పిల్లవాడి వెంట నడుస్తుంది. మొత్తం చిన్నదైనా నేను దాన్నే ముందు లెక్కలో వేస్తాను.

తెలంగాణలో ఆదాయ పరిమితిలో ఉన్న బీసీ, ఈబీసీ కుటుంబాల పిల్లలకి 10,000 లోపు ర్యాంకుంటే ఫీజు పూర్తిగా, దాటితే ఏడాదికి 35,000 వరకు ప్రభుత్వం ఇస్తుంది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి ర్యాంకు పరిమితి లేదు. అయితే సీటు కన్వీనర్ కోటాలో రావాలి. యాజమాన్య కోటాలో చేరితే ఆ హక్కు పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వివరాలు వేరైనా ఈ ఒక్క విషయం అక్కడా అంతే. కాబట్టి 9,800 ర్యాంకున్న పిల్లవాడు తొందరపడి విశ్వవిద్యాలయం ఉత్తరం పట్టుకుపోతే నాలుగేళ్ల పూర్తి ఫీజుని వదిలేసుకున్నట్టే. దీని కష్టాలు కూడా చెప్పాలి. ప్రభుత్వం డబ్బు ఆలస్యంగా ఇస్తుంది. బకాయిలు పేరుకుపోయి 2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బందు పాటించాయి. డిగ్రీ అయ్యాక సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపిన కాలేజీలున్నాయి. చేరేముందు సీనియర్లని ఆ కాలేజీ ఈ విషయంలో ఎలా ప్రవర్తిస్తుందో అడగండి. అయినా ఇందులో సీజీపీఏ గీత లేదు, హాజరు మాత్రం 75 శాతం ఉండాలి. నాకు అది చాలా పెద్ద తేడా.

జేఈఈ రాసినవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఐఐటీలో ట్యూషన్ ఫీజు సెమిస్టరుకి లక్ష అని విని వెనక్కి తగ్గే ఇళ్లున్నాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపైతే అది పూర్తిగా మాఫీ. లక్ష నుంచి అయిదు లక్షల లోపైతే మూడింట రెండొంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకి పూర్తి మాఫీ. ఎన్ఐటీల్లోనూ ఇదే పద్ధతి, అక్కడ ఫీజు సెమిస్టరుకి 62,500, సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకే. మిర్చి యార్డు హమాలీ కూతురొకతె వరంగల్ ఎన్ఐటీ వచ్చే ర్యాంకు ఉండి, ఫీజు భయంతో ప్రైవేటు విశ్వవిద్యాలయంలో వంద శాతం మాఫీకి ఒప్పుకోబోయింది. ఆదాయ ధ్రువపత్రం తీసుకురమ్మని తహసీల్దారు కార్యాలయానికి పంపడం ఒక్కటే నేను చేసింది.

ఇంకో రెండు చిన్నవి ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం-యూఎస్‌పీ కింద ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపున్న పిల్లలకి బీటెక్‌లో మొదటి మూడేళ్లు 12,000 చొప్పున, నాలుగో ఏడు 20,000 ఇస్తారు. కొనసాగాలంటే 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు చాలు. అయితే ఇంకో స్కాలర్‌షిప్పో ఫీజు మాఫీయో పొందేవాళ్లకి ఇది రాదు, రెండిటినీ కలిపి లెక్క వేయొద్దు. ఆడపిల్లలకి ఏఐసీటీఈ ప్రగతి ఉంది. ఏడాదికి 50,000, ఆదాయ పరిమితి ఎనిమిది లక్షలు, ఒక ఇంట్లో ఇద్దరమ్మాయిల దాకా. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో దరఖాస్తు. గడువు దాటిపోయాక మా ఇంటికొచ్చి ఏడ్చినవాళ్లున్నారు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

అప్పుకి భయపడినంతగా షరతుకీ భయపడండి

మన ఇళ్లల్లో అప్పు అన్న మాట వినగానే తల్లిదండ్రుల మొహం మారిపోతుంది. వడ్డీ వ్యాపారిని చూసి పెరిగినవాళ్లం, సహజమే. కానీ చదువు అప్పు వేరు. చదువు జరుగుతున్నంత కాలం, ఆ తరవాత ఏడాది దాకా వాయిదాలు మొదలుకావు. పిల్లవాడికి సీజీపీఏ 7.1 వచ్చిందని బ్యాంకు ఒప్పందం మార్చేసి మిగతా ఫీజు ఇవాళే కట్టమనదు. దాదాపుగా ఎంత కట్టాలో, ఎప్పట్నుంచి కట్టాలో మొదటిరోజే తెలుస్తుంది. స్కాలర్‌షిప్ పోతే వచ్చే అప్పు హఠాత్తుగా వస్తుంది. దానికి సిద్ధంగా లేనివాళ్లే గాజులు పట్టుకుని బ్యాంకుకి వెళ్తారు.

2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన సంస్థల్లో సీటొస్తే పూచీ, తాకట్టు లేకుండా అప్పిస్తారు. ఇంటి ఆదాయం ఎనిమిది లక్షల లోపైతే పది లక్షల దాకా అప్పు మీద, వాయిదాలు మొదలయ్యేదాకా వడ్డీలో మూడు శాతం ప్రభుత్వం భరిస్తుంది. మీ పిల్లవాడి కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే, ఉద్యోగాలు సరిగా రాని కాలేజీకి అప్పు చేయమని నేను చెప్పను. మంచి కాలేజీకి చేసిన అప్పే అందులో చదివిన చదువుతో తీరుతుంది.

సంతోషాన్ని కొన్నాళ్లు దాచుకోండి

ఉత్తరం వచ్చిన సాయంత్రమే వాట్సాప్ స్టేటస్ పెట్టకండి. బంధువులకి లడ్డూలు పంచకండి. ఒకసారి ఊరంతా "ఫలానావాళ్ల అబ్బాయికి స్కాలర్‌షిప్ వచ్చింది" అన్నాక వద్దనుకునే ధైర్యం ఏ తండ్రికీ ఉండదు. అడిగిన వాళ్లందరికీ ఎందుకు వద్దన్నావో చెప్పాలి కదా. సీటు ఖాయం చేసుకోవడానికని ముందే పాతిక వేలు కట్టి ఉంటే, ఆ డబ్బు పోతుందని మనసు కట్టేసుకోకండి. 2018లో యూజీసీ ఇచ్చిన ఆదేశం ప్రకారం ప్రవేశాల చివరి తేదీకి పదిహేను రోజులు ముందే మానుకుంటే గరిష్ఠంగా 5,000 మినహాయించి మిగతాది తిరిగి ఇవ్వాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టిపెట్టుకోవడానికీ వీల్లేదు. ఆ ఆదేశం ప్రింటు తీసుకుని వెళ్లండి. ఒకవేళ డబ్బు రాకపోయినా, పాతిక వేల కోసం నాలుగేళ్లు ఇవ్వకండి.

కౌన్సెలింగ్‌లో సీటు తేలిన రోజున బీరువా తాళం తీయండి. ఇప్పుడు రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు. షరతు కేవలం పాసవ్వడం వరకే ఉండి, నాలుగేళ్ల లెక్క తక్కువకి తేలి, పిల్లవాడు ఆ చోటే బాగుందని మనసారా అంటే స్కాలర్‌షిప్ తీసుకోండి. అలా తీసుకున్నవాళ్లూ ఉన్నారు, బాగున్నారు.

అమ్మాయి స్కాలర్‌షిప్‌ని అబ్బాయి ఫీజుగా మార్చకండి

దీన్ని చివర పెట్టాను కానీ నాకు అన్నిటికన్నా ముందు చెప్పాలనిపించేది ఇదే.

పోయినేడు ఒక నాన్న కూతుర్ని తీసుకొచ్చాడు. సత్తుపల్లి వైపువాళ్లు. ఆ అమ్మాయికి మంచి ర్యాంకే వచ్చింది, ఆదాయ పరిమితిలో ఉన్న బీసీ కుటుంబం. దగ్గర్లోని ఒక సంస్థ వంద శాతం మాఫీ ఇస్తానంది. అక్కడ లేనివి అధ్యాపకులూ, తను కోరుకున్న బ్రాంచీ. "అమ్మాయికి ఎలాగూ ఫ్రీగా అవుతోంది కదా సార్, ఆ డబ్బుతో అబ్బాయిని వచ్చే ఏడు మేనేజ్‌మెంట్ కోటాలో వేద్దామనుకుంటున్నాం" అన్నాడాయన. చెడ్డవాడు కాదు. పిల్లలిద్దర్నీ ప్రేమించే మనిషి. ఆ ఆలోచనలో తప్పుందని ఆయనకి ఎవరూ చెప్పలేదంతే.

ఇలాంటి ఇళ్లు నేను లెక్కలేనన్ని చూశాను. బాగా చదివిన పిల్ల మార్కులు ఇంటికి డబ్బు మిగులుస్తాయి. మిగిలిన డబ్బు తక్కువ ర్యాంకొచ్చిన తమ్ముడికి పెద్ద కాలేజీ కొనిపెడుతుంది. చదివినందుకు ఆ పిల్లకి దక్కేది చిన్న కాలేజీ. మెరిట్ స్కాలర్‌షిప్ అన్న పేరుకి ఇంతకన్నా అన్యాయం ఇంకొకటి ఉండదు. ఆయనతో నేను వాదించలేదు. తెల్లకాయితం మీద రెండు వరసలూ రాసి చూపించాను. కన్వీనర్ కోటాలో ఆమె ర్యాంకుకి వచ్చే కాలేజీల్లో ఒకదాని ఫీజు రాశాను. రీయింబర్స్‌మెంట్, ప్రగతి రెండిట్లో ఏది ఆమెకి మేలో విడివిడిగా వేసి చూశాం. మిగిలిన మొత్తం తల్లిదండ్రులు మోయగలిగిందే. "ఆ వంద శాతం విలువ ఆమెది. ఆమె ఎక్కడ ఖర్చుపెట్టాలో ఆమెనే అడగండి" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ అమ్మాయి కూడా మాట్లాడలేదు, కాయితం వైపే చూస్తూ కూర్చుంది. వెళ్తూ వెళ్తూ ఆ కాయితం మడిచి తనే పట్టుకెళ్లింది.

ఆప్షన్లకి చివరి రోజు సాయంత్రం ఇద్దరూ మళ్లీ వచ్చారు. మా ఇంట్లో ల్యాప్‌టాప్ ఉందని. ఆయన చేతిలో నోటు పుస్తకం, అందులో కాలేజీ కోడ్లు ఇంట్లోనే వరసగా రాసుకొచ్చారు. ఆయన చదువుతుంటే ఆమె టైపు చేస్తోంది. మొదటి వరసలో ఉస్మానియా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ, సీఎస్ఈ. ఆయన తలెత్తి నావైపు, తరవాత కూతురివైపు చూశాడు.

"ఇది మనకి రాదు కదమ్మా."

"రాకపోతే రెండోది చూస్తుంది నాన్నా. తరవాతి కోడ్ చెప్పు."